చిల్లర దానానికి చిట్టా ఏదీ?

పెద్ద దుకాణంలో సరుకులు ఎంచుకుని, వరుసలో నిలబడి, బిల్లింగ్ కౌంటర్ దాకా వచ్చిన కొనుగోలుదారుకు సొమ్ము చెల్లించబోయే క్షణంలో ఇటీవలి కాలంలో ఒక ప్రశ్న ఎదురవుతున్నది. బిల్లు 487 రూపాయలైతే దానిని 490 చేసి, ఆ మూడు రూపాయలను పేదపిల్లల చదువుకో అనాథల భోజనానికో ఇవ్వడం సమ్మతమేనా అన్నది ఆ ప్రశ్న. అడిగేది క్యాషియర్ కావచ్చు, కౌంటర్ మీది తెర కావచ్చు, చేతిలోని ఫోను కావచ్చు. వెనుక పదిమంది ఎదురుచూస్తూ ఉంటారు. కాదనడానికి నోరు రాదు. మూడు రూపాయలతో ఎవరూ బీదవారైపోరు గనుక తల ఊపి బయటపడేవారే అధికం. ఆ మూడు రూపాయలు తర్వాత ఎక్కడికి వెళ్ళాయి, ఎవరి పేరిట వెళ్ళాయి, ఎన్నాళ్ళకు వెళ్ళాయి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయడం లేదు. వేసినా జవాబు చెప్పవలసినవారు ఆ కౌంటర్ దగ్గర ఉండరు.

ఇది అమెరికా నుంచి మాల్‌లతో పాటు దిగుమతి అయిన సరికొత్త పోకడ అని చాలామంది భావిస్తున్నారు. సూరత్ వర్తకులు మాత్రం ఈ మాట విని నవ్వుకుంటారు. అమ్మకం సమయంలోనే కొనుగోలుదారు నుంచి ధర్మకార్యానికి కొంత వసూలు చేయడం పశ్చిమ భారత వాణిజ్యంలో తరతరాల ఆచారం. దాని పేరు ధర్మాదా. దేవాదాయ ధర్మాదాయ శాఖ పుణ్యమా అని తెలుగువారికి ఈ మాట కొత్త కాదు. ఉత్తరాది సరుకు తెప్పించే మన వస్త్రవ్యాపారులకు బిల్లు అడుగున ఆ పద్దు కనిపించడమూ వింత కాదు. కాబట్టి నేటి కౌంటర్ దానం మంచిదా చెడ్డదా అని కొత్తగా మీమాంసలోకి దిగే ముందు, ఇదే పనిని వెనుకటివారు ఎలా చేశారో, దానిపై న్యాయస్థానాలు ఏమన్నాయో, చట్టం ఏమి కట్టడి పెట్టిందో తెలుసుకోవడం అవసరం. ఆ కట్టడి ఒకటి సూరత్‌లో 1950 నుంచీ ఉన్నది.

మొగలు సామ్రాజ్యానికి ప్రధాన రేవుపట్టణంగా వెలిగిన కాలంలో సూరత్‌ను చూసిన విదేశీయులను విస్మయపరచిన వాటిలో అక్కడి జంతు వైద్యశాల ఒకటి. 1689లో ఆ నగరానికి వచ్చిన ఇంగ్లీషు మతగురువు జాన్ ఓవింగ్టన్ 1696లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో దానిని వర్ణించాడు. కుంటివైన, ముసలివైన, రోగగ్రస్తమైన ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలు అక్కడ ఆశ్రయం పొందేవి. నల్లులకు సైతం పోషణ ఉండేదని, వాటి ఆకలి తీర్చడానికి ఒక పేదవాడిని కూలికి పెట్టి రాత్రంతా అక్కడ పడుకోబెట్టేవారని కూడా ఆయన రాశాడు. పరదేశి కలం కొంత అతిశయించి ఉండవచ్చు. అయినా దయ ఒకరిది, రక్తం మరొకరిది అన్న ఆ చిత్రం నేటి కౌంటర్ దానాల గురించి ఆలోచించేవారికి గుర్తుండదగినది.

పాంజ్రాపోల్ అని పిలిచే ఇటువంటి ఆశ్రయాలకు సొమ్ము ఏ ఒక్క ధనికుని పెట్టె నుంచో వచ్చేది కాదు. సూరత్ వర్తకులు తమ తమ వ్యాపారాలవారీగా మహాజన్ అనే సంఘాలుగా ఏర్పడ్డారు. సభ్యుల లావాదేవీలపై ఆ సంఘాలు చిన్నపాటి రుసుము విధించి, ఆ మొత్తాన్ని ఆలయాలకు, పాంజ్రాపోల్‌కు, ఇతర ధర్మకార్యాలకు వినియోగించేవి. లాగా అని వ్యవహరించిన ఈ రుసుము సరుకు ధరతో పాటే చేతులు మారేది. సూరత్ వాణిజ్యం బొంబాయికి తరలినప్పుడు ఆచారమూ తరలింది. 1834లో జంషెట్జీ జీజీభాయి, మోతీచంద్ అమీచంద్ ప్రభృతులు బొంబాయిలో పాంజ్రాపోల్ నెలకొల్పినప్పుడు అక్కడి వర్తకులు తమ సరుకులపై ఇటువంటి లాగాలకే అంగీకరించారు. ఒకరు పారశీకుడు, మరొకరు జైనుడు; ధర్మానికి సొమ్ము కూర్చే పద్ధతి మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఆ పద్ధతి అంతకాలం ఎందుకు నిలిచింది? కొన్నవాడు, అమ్మినవాడు, సొమ్ము దాచినవాడు ఒకే బజారు మనుషులు. పాంజ్రాపోల్ ఊళ్ళోనే కళ్ళెదుట ఉండేది. పశువులకు మేత అందకపోతే సాయంత్రానికల్లా బజారంతా తెలిసేది. లెక్క తప్పిన వర్తకుడు మహాజన్ ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. సంఘం వెలివేస్తే అతని వ్యాపారమే మూతపడేది. లిఖిత నిబంధనలు లేకపోయినా కట్టుబాటు ఉండేది. నేటి దుకాణం కౌంటర్ వద్ద నిలబడిన మనిషికి ఆ దుకాణం యజమాని ఎవరో తెలియదు. విరాళం అందుకునే సంస్థ ఏ ఊళ్ళో ఉన్నదో తెలియదు. వసూలు చేసిన క్యాషియర్ వచ్చే నెల అక్కడ ఉంటాడో లేదో తెలియదు. ఆచారం పాతదే గాని, దానిని నిలబెట్టిన కాపలా మాత్రం లేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది.

వెనుకటిదంతా స్వర్ణయుగమని చెప్పబోవడం సత్యదూరమే అవుతుంది. ధర్మం పేరిట కోత పెట్టే అలవాటు బజారు దాటి ధాన్యం, పత్తి మార్కెట్లకు పాకినప్పుడు దాని భారం మోసినవాడు రైతు. తూకంలో కొంత, హమాలీలో కొంత, నమూనా పేరిట కొంత పోగొట్టుకున్న రైతు చివరికి తనతో సంబంధం లేని ధర్మకార్యానికి కూడా కొంత విడిచిపెట్టి ఇంటిదారి పట్టవలసి వచ్చేది. 1928లో నివేదిక సమర్పించిన రాయల్ వ్యవసాయ కమిషన్ మార్కెట్ మోసాలను ప్రస్తావించినప్పుడు ధర్మం పేరిట జరిగే ఈ కోతలనూ వాటిలో చేర్చింది. తరువాత వచ్చిన మార్కెట్ చట్టాలు అనుమతించని తగ్గింపులను నిషేధించడానికి ఇటువంటి అనుభవాలే కారణం. అడగకుండా తీసుకున్నది ఎంత పుణ్యకార్యానికి వెళ్ళినా అది దానం కాదని రైతు తన నష్టంతో నేర్చుకున్నాడు.

న్యాయస్థానాలు ఈ మాటతో ఒక శతాబ్దానికి పైగా కుస్తీ పట్టాయి. ధరమ్ కోసం అని ఆస్తి రాసిన ఒక బొంబాయి వీలునామా విషయంలో ఆ పదం అస్పష్టమైనదని, ఏ పనికి ఖర్చుపెట్టాలో కోర్టు నిర్ణయించజాలదని 1899లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ధర్మం అంటే ఏమిటో తెలియదని లండన్‌లో కూర్చున్న న్యాయమూర్తులు అనడం మన పెద్దలకు ఎంతటి మనస్తాపం కలిగించిందో ఊహించవచ్చు. స్వాతంత్ర్యానంతరం ఆదాయపు పన్ను శాఖ మరో కోణంలో వివాదం లేవదీసింది. ఉత్తరప్రదేశ్‌లోని హథ్రస్‌కు చెందిన బిజిలీ కాటన్ మిల్స్ నూలు కొన్నవారి నుంచి బిల్లుపై ధర్మాదా వసూలు చేసేది. అది కంపెనీ రాబడే గనుక పన్ను కట్టాలని శాఖ వాదించింది. 1979 నాటి న్యాయ నివేదికలలో చోటుచేసుకున్న ఆ తీర్పులో సుప్రీం కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. వర్తక లోకంలో ధర్మాదా అన్న మాటకు స్పష్టమైన అర్థమున్నదని, ఆ సొమ్ము చేతికి అందిన క్షణం నుంచే ధర్మకార్యానికి కట్టుబడి ఉన్నదని, కాబట్టి అది వ్యాపార ఆదాయం కాదని ధర్మాసనం తేల్చింది. 2019లో నాసిక్ ఎక్సైజు శాఖకు, డి.జె.మల్పానీ సంస్థకు నడుమ నడిచిన కేసులోనూ సుప్రీం కోర్టు ఇదే దారిలో సాగి, ధర్మాదా సరుకు విలువలో భాగం కాదని, ఎక్సైజు లెక్కలో దానిని కలపరాదని స్పష్టం చేసింది.

ఈ రెండు తీర్పులు వర్తకులకు విజయాలుగా ప్రచారం పొందాయి. పన్ను భారం తప్పింది గనుక అవి విజయాలే. అయితే ఆ విజయం ఏ తర్కంపై నిలబడిందో గమనించాలి. ఆ సొమ్ము మీది కాదు గనుక మీకు పన్ను లేదన్నది ఆ తర్కం. పన్ను అధికారి ముందు ఇది మాది కాదని చెప్పి, పత్రికా ప్రకటనలో ఇది మా ఔదార్యమని చెప్పుకోవడం ఒకే నోటితో కుదిరే పని కాదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్లు అన్న సామెత తెలుగునాట ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. పెద్ద నమూనా చెక్కు పట్టుకుని దుకాణం అధికారులు, సేవాసంస్థ నిర్వాహకులు నవ్వుతూ నిలబడిన ఫోటోలు అచ్చవుతూనే ఉంటాయి. ఆ చెక్కులో ఎంత భాగం కౌంటర్ వద్ద కూడినదో, ఎంత భాగం కంపెనీ తన లాభంలోంచి తీసినదో ఆ ఫోటో కింద రాసే ఆనవాయితీ మాత్రం లేదు.

ఇక చట్టం సంగతి. నాటి బొంబాయి రాష్ట్రం 1950లో చేసిన పబ్లిక్ ట్రస్టుల చట్టం 54వ సెక్షన్‌ను పూర్తిగా ధర్మాదాకే కేటాయించింది. వర్తక ఆచారాన్ని బట్టిగాని, లావాదేవీలోని ఉభయపక్షాల ఒప్పందాన్ని బట్టిగాని ధార్మిక, మతపరమైన ప్రయోజనం నిమిత్తం ఏ పేరుతో సొమ్ము వసూలు చేసినా, ఆ సొమ్ము వసూలు చేసినవారికి ధర్మకర్త హోదాలో మాత్రమే సంక్రమిస్తుందన్నది ఆ సెక్షన్ సారాంశం. వసూలు చేసినవారు తమ లెక్కల సంవత్సరం ముగిసిన మూడు నెలలలోగా ధర్మాదా లెక్కను ధర్మాదాయ కమిషనర్ కింది అధికారికి సమర్పించాలి. లెక్క సరైనదా కాదా అని విచారించి ఉత్తర్వులిచ్చే అధికారం కూడా ఆ అధికారికి ఉన్నది. 1960లో గుజరాత్ వేరు రాష్ట్రమైన తర్వాత కూడా ఆ చట్టం అటు మహారాష్ట్రలోనూ ఇటు గుజరాత్‌లోనూ కొనసాగింది.

ఏ పేరుతో వసూలు చేసినా అన్న మాటలను మరొక్కసారి చదవాలి. పేరు ధర్మాదా అయినా, రౌండప్ అయినా, చిరునవ్వు నిధి అయినా, ఒక రూపాయి ఉద్యమం అయినా ఆ సెక్షన్ పరిధి మారదు. సూరత్ రింగ్ రోడ్డులోని చీరల మార్కెట్లో టోకు వర్తకునికి ఏ బాధ్యత ఉన్నదో, అదే నగరంలో మాల్ నడిపే కంపెనీకీ అదే బాధ్యత ఉన్నదని ఆ మాటలకు అర్థం చెప్పుకోవడమే సబబు. మూడు రూపాయలు తీసుకున్న క్షణంలో ఆ దుకాణం సరుకులమ్మే దుకాణంగానే గాక ధర్మకర్తగా కూడా మారుతున్నది. ధర్మకర్తకు ఆ సొమ్మును తన ఖాతాలో కలుపుకునే హక్కు ఉండదు. దానితో సరుకు తిప్పుకునే హక్కు ఉండదు. వడ్డీ తినే హక్కు ఉండదు. ఈ స్పృహ ఎన్ని కౌంటర్ల వెనుక ఉన్నదన్నదే ప్రశ్న.

మొత్తం చిన్నదే గదా, ఇంత రాద్ధాంతం దేనికని అడిగేవారుంటారు. చిన్నదేమీ కాదు. ఒక దుకాణంలో పది కౌంటర్లున్నాయని, ఒక్కొక్కటి రోజుకు 300 బిల్లులు కొడుతుందని, అడిగినవారిలో సగంమంది ఒక్క రూపాయి ఇచ్చారని అనుకుందాం. రోజుకు 1,500 రూపాయలు, ఏడాదికి 5 లక్షల పైచిలుకు. ఇది ఒక్క దుకాణం లెక్క. వంద ఊళ్ళలో శాఖలున్న సంస్థకు ఆ లెక్క 5 కోట్లు దాటుతుంది. అమెరికాలో ఈ తరహా వసూళ్ళను క్రమంగా లెక్కగట్టే సంస్థ ఒకటున్నది. 2022లో ఒక్కొక్కటి 10 లక్షల డాలర్లకు పైగా కూర్చిన 77 కార్యక్రమాలు కలిసి 74 కోట్ల 90 లక్షల డాలర్లు సేకరించాయని అది ప్రకటించింది. నాటి మారకం రేటున సుమారు ఆరు వేల కోట్ల రూపాయలు. ఈ సొమ్ముతో నడిచే పిల్లల ఆసుపత్రులు, ఆహార నిధులు అక్కడ లెక్కకు మిక్కిలి. కౌంటర్ దానం నిష్ప్రయోజనమని గాని, మోసమని గాని గంపగుత్తగా కొట్టిపారేయడం తగదు. ఎన్నడూ చెక్కు రాయని సామాన్యుడు ఒక మంచి పనిలో భాగస్వామి కావడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. సొమ్ము పెద్దది, ఇచ్చినవారు లక్షలమంది, అడిగే నాథుడు ఒక్కడూ లేడు. లెక్క చూపించాలని గట్టిగా కోరవలసి రావడం ఇందుకే.

పన్ను చట్టాలు కూడా ఈ విషయంలో ఒక చిక్కుముడి వేసి ఉంచాయి. 80జి రాయితీ గురించి మధ్యతరగతికి తెలుసు. నగదు రూపంలో ఇచ్చిన విరాళం 2 వేల రూపాయలు మించితే రాయితీ వర్తించదన్న నియమం 2017 నుంచి అమలులోకి వచ్చింది. 2021-22 నుంచి విరాళం తీసుకున్న సంస్థ దాత పేరు, గుర్తింపు సంఖ్యతో సహా శాఖకు నివేదించి ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చింది. మూడు రూపాయలిచ్చిన గృహిణికి ధ్రువపత్రం ఇచ్చేదెవరు? ఆమె పేరు కూడా ఎవరూ అడగరు. మరోవైపు, పేరూ ఊరూ నమోదుకాని విరాళాలు ఒక హద్దు దాటితే వాటిపై ధర్మసంస్థ 30 శాతం పన్ను కట్టాలన్న నిబంధనను 2006లో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. 2009 సవరణ ఆ హద్దును మొత్తం విరాళాలలో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అదిగా నిర్ణయించింది. నల్లధనం ధర్మసంస్థల గుండా తెల్లబడకుండా చూడటం దాని ఉద్దేశం.

ఫలితంగా ఏమి జరుగుతుంది? కొనుగోలుదారుల సొమ్మును కొనుగోలుదారుల సొమ్ముగానే పంపితే అది అనామక విరాళం కిందికి వచ్చే ప్రమాదమున్నది. దుకాణం తన పేరిట పంపితే సంస్థకు చిక్కు లేదు, దుకాణానికి పేరూ వస్తుంది. ఎటు మొగ్గు చూపుతారో ఊహించడానికి పాండిత్యం అవసరం లేదు. అలా తన పేరిట పంపిన సొమ్ముకు దుకాణం రాయితీ కూడా కోరితే, తన ఆదాయంగా ఎన్నడూ చూపని మొత్తానికి మినహాయింపు పొందినట్లవుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, నిర్దిష్ట పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయవలసి ఉన్నది. ఆ 2 శాతం కంపెనీ తన లాభంలోంచి తీయవలసినది. కౌంటర్ వద్ద పోగైన చిల్లరతో ఆ పద్దు నింపడం సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతకు కంపెనీ తరహా ఉదాహరణ అవుతుంది. ప్రతి కంపెనీ ఆ పని చేస్తున్నదని ఎవరూ అనడం లేదు. చేయడం లేదని తెలుసుకునే వీలు కొనుగోలుదారుకు ఉండాలన్నదే ఇక్కడి అభ్యర్థన.

సొమ్ము ఎటుపోయిందన్న దానికంటే ముందు, అది ఏ విధంగా వచ్చిందన్నది కూడా చూడాలి. తెలుగులో మొహమాటం అన్న మాటకు సరిసాటి పదం ఇతర భాషల్లో దొరకడం కష్టం. కౌంటర్ దానం నడిచేది ఎక్కువగా ఆ మొహమాటం మీదనే. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళి సూరత్ మరమగ్గాలపై బతుకు వెళ్ళదీస్తున్న నేతకుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో వేలాదిగా ఉన్నాయి. నేసిన మీటరుకు పైసలలెక్కన కూలి పొందే మనిషి పండుగకు పిల్లవాడి చొక్కా కొనడానికి పెద్ద దుకాణానికి వెళ్ళినప్పుడు, పేదలకు ఒక్క రూపాయి ఇవ్వలేరా అని అతడినే అడుగుతారు. అతడూ ఇస్తాడు. ఇవ్వలేకపోతున్నాడని నలుగురూ అనుకోవడం కంటే ఇవ్వడమే తేలిక. వెనుక నిలబడిన వజ్రాల వ్యాపారి ఇచ్చేదీ ఆ ఒక్క రూపాయే. పేద ధనిక తేడా లేకుండా సమానంగా వసూలయ్యే ఈ దానంలో బరువు మాత్రం సమానం కాదు. నల్లుల కోసం రాత్రంతా మేల్కొన్న ఓవింగ్టన్ కాలపు కూలివాడు ఇక్కడ మళ్ళీ జ్ఞాపకం వస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

క్యాషియర్ అవస్థ వేరు. రోజంతా నిలువుకాళ్ళపై పనిచేసే ఆ యువతీయువకులు వందలాదిమందిని ఒకే మాట అడగాలి, కాదన్నవారి చిరాకును నవ్వుతూ భరించాలి. ఇన్ని రూపాయలు తేవాలని పైవారు లక్ష్యం నిర్ణయించిన చోట ఆ అడగడం వేడికోలుగా మారడం సహజం. కాబట్టి కోపం తెచ్చుకోవలసినది క్యాషియర్ మీద కాదు.

మనిషి అడిగితే కనీసం కాదనవచ్చు. తెర అడగను కూడా అడగదు. సినిమా టిక్కెట్లు, భోజనం, సరుకులు ఫోనులో కొన్నప్పుడు విరాళం గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచడం కొంతకాలం యథేచ్ఛగా సాగింది. గమనించినవాడు దానిని తొలగించుకోవాలి, గమనించనివాడు దాత. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు ఇటువంటి 13 రకాల మోసపు ఎత్తుగడలను గుర్తించి నిషేధించాయి. చెప్పకుండా బుట్టలో చేర్చడం వాటిలో ఒకటి. చెల్లింపు సమయంలో కొనుగోలుదారు సమ్మతి లేకుండా ధర్మకార్యానికి విరాళం చేర్చడం కూడా అందులోకి వస్తుందని ఆ నిర్వచనంలోనే పేర్కొన్నారు. వద్దనేవారు సిగ్గుపడేలా మాటలు పేర్చడం మరో రకం ఎత్తుగడగా అదే జాబితాకెక్కింది. హోటళ్ళు బిల్లులో తమంతట తామే సేవారుసుము కలపరాదని అదే సంస్థ 2022 జులైలో ఇచ్చిన ఆదేశాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. అడగకుండా కలపడం తప్పన్న సూత్రానికి చట్టబలం లభించినట్లే. అయితే 2023 మార్గదర్శకాల దృష్టి ప్రధానంగా ఆన్‌లైన్ వేదికలపై ఉన్నది. దుకాణం కౌంటర్ వద్ద నోటిమాటగా జరిగే వసూలుకు ఆ స్థాయిలో వివరమైన నియమాలు ఏర్పడవలసి ఉన్నది.

పేరు చెప్పుకోని దానం లెక్క తేలని దానం కానక్కరలేదనడానికి తెలుగునాట పెద్ద ఉదాహరణే ఉన్నది. తిరుమల హుండీలో వేసిన నోటుపై ఎవరి పేరూ ఉండదు. గుప్తదానం అంటే అదే. అయినా పరకామణిలో ఆ సొమ్మును నిఘా నడుమ లెక్కిస్తారు. ఏ రోజు ఎంత వచ్చిందో మరునాటికల్లా ప్రకటిస్తారు. ఆ పరకామణిలోనే చేతివాటం బయటపడి 2023లో కేసు నమోదైన మాటా నిజమే. అంత కట్టుదిట్టమైన చోటే అటువంటిది జరిగితే, లెక్కింపే కనిపించని చోట ఏమి జరగగలదో ఆలోచించవలసినది ప్రభుత్వాలే. దేవాదాయంపై ఇంత దృష్టి పెట్టే శాఖ పేరులో ధర్మాదాయం కూడా ఉన్నది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం దుకాణాలలో పోగయ్యే చిల్లర ధర్మం ఆ పేరులోని రెండో సగానికి సంబంధించినదే.

చేయవలసినవి కష్టసాధ్యమైనవి కావు. విరాళం బిల్లులో సరుకుల పద్దు నుంచి విడిగా కనిపించాలి. దానిని అందుకునే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య అక్కడే అచ్చుకావాలి. సరుకుల ధరలు అచ్చువేసే యంత్రానికి ఒక వరుస ఎక్కువ అచ్చువేయడం బరువు కాదు. వసూలైన సొమ్ము దుకాణం వ్యాపార ఖాతాలో నెలల తరబడి నానకుండా విడి ఖాతాలో ఉండాలి. గత సంవత్సరం ఎంత వచ్చింది, ఎప్పుడు ఎవరికి చేరింది అన్న ఒక్క కాగితం కౌంటర్ పక్కన గోడకు అంటించి ఉంటే, అడగడానికి క్యాషియర్ కూడా జంకడు. కొనుగోలుదారులు వేసిన దానికి సమానంగా తన వాటా కూడా కలుపుతామని దుకాణం ముందుకు వస్తే, అది ఏ పద్దులోంచి తీసినదో కూడా ఆ కాగితం మీదే రాయాలి. పన్ను విషయంలో కేంద్రం చొరవ చూపి, చిన్న మొత్తాల కౌంటర్ విరాళాలకు అనామక నిబంధన నుంచి వెసులుబాటు ఇచ్చి, బదులుగా దుకాణం నుంచి పూర్తి లెక్క రాబట్టడం ఉభయతారకంగా ఉంటుంది. 54వ సెక్షన్ వంటి నిబంధన రెండు రాష్ట్రాలకే కాక దేశమంతటికీ వర్తించేలా చేయడం ఈ దుకాణాలు అన్ని రాష్ట్రాలలోనూ ఒకే పేరుతో నడుస్తున్న కాలంలో మరీ అవసరం.

కొత్త చట్టాల కోసం వేచి ఉండవలసిన అగత్యం సూరత్‌కు లేదు. సూరత్ వర్తకులు దీపావళినాడు చోపడా పూజ చేసి కొత్త లెక్కల పుస్తకం తెరవడం ఇప్పటికీ మానలేదు. ఆ పుస్తకంలో ధర్మాదాకు విడి పద్దు రాయడం వారికి తాతల నాటి నుంచి వచ్చిన అలవాటు. అదే నగరంలో మాల్‌లు నడిపే కంపెనీల లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ధర్మాదాయ అధికారికి వారు లెక్క సమర్పించవలసిన మూడు నెలల గడువు జూన్ 30తో తీరుతుంది. ఎన్ని దుకాణాలు ఆ లెక్క ఇచ్చాయో, ఎన్ని ఇవ్వలేదో జులై మొదటి వారంలో ప్రకటించడానికి ఆ కార్యాలయానికి కావలసినది ఒక గుమాస్తా, ఒక జాబితా.